తీరంలో చేపల పండగకు వెళ్లాలంటే ఎలా?

మైపాడులోనో కొత్తపట్నంలోనో బీచ్ ఫెస్టివల్ పెడితే చాలామంది దిగీ దిగగానే చేపలు కొనేస్తారు. ఇక ఆ సంచి మోసుకుంటూ ఎండలో తిరగాల్సిందే. పొద్దున చేతిపనులు చూసి, మధ్యాహ్నం తిని, చేపలు ఆఖర్న కొంటే ఏ టెన్షనూ ఉండదు.

ముందు నెల చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు స్టాళ్లలో ఎక్కువగా కనిపించేది చెరువు రొయ్యే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనవైపు వానలు, తుఫాన్లు. నన్నడిగితే సంక్రాంతి తర్వాతే మేలు.

నెల్లూరు నుంచి మైపాడుకు, ఒంగోలు నుంచి కొత్తపట్నానికి గంటలోపు ప్రయాణమే. చిల్లర నోట్లు ఉంచుకోండి, జనం ఎక్కువైతే ఫోన్‌పే మొరాయిస్తుంది.

చేతిపనుల్లో ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు ఉంటే వదలొద్దు. భౌగోళిక గుర్తింపు వచ్చిన పని అది. చెంచా అంచు మీద వేలు పెట్టి రాయండి, గరుకు తగలకూడదు. మెరుపు కోసం వార్నిష్ కొట్టినది వంటకు వద్దు. వాడాక నీళ్లలో నానబెట్టకుండా కడిగి నీడన ఆరబెట్టి, అప్పుడప్పుడు కొబ్బరినూనె రాస్తే చాలు. వెంకటగిరి చీర అంటే తిరగేసి చూడండి. చేత్తో వేసిన జాందానీ బుటా, అంటే నేతలోనే అల్లిన పువ్వు, వెనక కూడా దాదాపు ముందులాగే ఉంటుంది. వెనక తెగిన దారాలు కుచ్చులుగా వేలాడుతుంటే అది చేతి జాందానీ కాదు.

భోజనానికి చేపల పులుసే. మామిడికాయ ముక్క పడిన పులుసు పొయ్యి దిగగానే కన్నా నాలుగైదు గంటలు ఊరాకే బాగుంటుంది. అందుకే "ఎప్పుడు కాచారమ్మా?" అని అడగండి. పొద్దున కాచింది అంటే కూర్చోండి. వేపుడు మాత్రం అప్పటికప్పుడు కళ్లముందు వేయించినదే తినండి. నల్లబడిన నూనె కనిపిస్తే పక్క స్టాలుకు నడవండి. తిన్న వెంటనే సముద్రంలో దిగొద్దు, ఎప్పుడు దిగినా మోకాలు దాటొద్దు.

ఇక కొనడం. వంజరమైనా చందువైనా కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. మొప్ప ఎత్తితే ఎర్రగా కనపడాలి. వేలితో నొక్కితే సొట్ట వెంటనే పూడాలి. రొయ్య తల వదులుగా ఊగితే వద్దు. పీత సైజుకు తగ్గ బరువు ఉందో లేదో చేత్తో తూచి చూడండి, తేలిగ్గా ఉంటే లోపల డొల్లే. తూకం శుభ్రం చేయకముందా, చేశాకా అన్నది బేరానికి ముందే తేల్చుకోండి. తలా తోకా పోతే కిలో కిలోగా మిగలదు.

చేపలకు సరిసమానంగా ఐసు వేయించుకోండి. కరిగిన నీళ్లు మధ్యమధ్యలో వంపేయండి, ఆ నీళ్లలో నానితే ముక్క మెత్తబడుతుంది. ఇంటికి ఆటో మాట్లాడుకోవడం మంచిది. కారుతున్న చేపల సంచితో బస్సెక్కితే కండక్టరే కాదు, పక్క సీటాయన కూడా ఊరుకోడు.