కారుకి, ఇంటికి ఇన్సూరెన్స్ తీస్కునే ముందు గిది సూడుండ్రి

2023 జులైల వానలకు హన్మకొండ, వరంగల్ కాలనీలల్ల కార్లు నీళ్లల్ల మునిగినయి కదా, అప్పుడు చానామందికి తెల్సింది ఒక్క థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మన బండికి రూపాయి కూడా రాదని. అది చట్టం ప్రకారం కంపల్సరీ, కానీ మనం గుద్దితే అవతలోళ్లకి ఇచ్చేది మాత్రమే, వాళ్ల ఆస్తి నష్టానికైతే 7.5 లక్షల వరకు.

మన బండికి కూడా కావాలంటే కాంప్రహెన్సివ్ (మన బండికి, అవతలోళ్లకి రెండిటికీ కలిపి ఉండే పాలసీ) తీస్కోండి, దొంగతనం, అగ్గి, వరద అన్నీ వస్తయి. అయినా ప్లాస్టిక్, రబ్బర్ పార్టులకు సగం పైసలు కట్ చేస్తరు, అందుకే కొత్త కారైతే జీరో డెప్ (గా కటింగ్ లేకుండా ఇచ్చే అదనపు కవర్) పెట్టించుకోవుడు మంచిది. ఇంకోటి, నీళ్లల్ల ఆగిన బండిని సెల్ఫ్ కొట్టకండి, ఇంజిన్ పోతే మామూలు పాలసీల క్లెయిమ్ రిజెక్ట్ చేస్తరు, దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ వేరేగ కొనాలె. చిన్న గీతలకు క్లెయిమ్ ఎందుకు చెప్పుండ్రి, ఐదేండ్లు క్లెయిమ్ లేకుంటే ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కట్టే భాగం) ప్రీమియంల 50% తగ్గుద్ది. గడువు అయినంక రెన్యూవల్ 90 రోజులు దాటిందా, గా తగ్గింపంత పాయె.

ఇంటికైతే భారత్ గృహ రక్ష అనే పాలసీ అడగండి, 2021 ఏప్రిల్ నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలల్ల ఉంది. అగ్గి, వరద, భూకంపం కవర్ అయితయి. జాగ రేటు కలపకండి, మళ్లీ కట్టేందుకు ఎంతయితదో అంతే రాయించాలె. ఊరికెనే జరిగే దొంగతనానికి మాత్రం బర్గ్లరీ కవర్ వేరే. కిరాయికుండేటోళ్లు కూడా సామాన్లకు మాత్రమే తీస్కోవచ్చు.