సర్కారు టెండర్ వేయాలంటే సప్లయర్‌గా నమోదు ఎలా? నల్గొండ, పాలమూరు చిన్న వ్యాపారుల కోసం

గురుకులాలకు బెంచీలు, హాస్టళ్లకు దుప్పట్లు, దవాఖానాలకు మంచాలు, ఆఫీసులకు బీరువాలు. సర్కారు కొనే సరుకులో మన నల్గొండ, మహబూబ్‌నగర్, నారాయణపేట, వనపర్తి వర్క్‌షాపుల్లో చేయగలిగింది చాలానే ఉంటుంది. అయినా టెండర్ అనగానే “అది హైదరాబాద్ పెద్దోళ్ల పని” అని మనవాళ్లు పక్కకు జరుగుతారు. నిజానికి సర్కారు టెండర్ల పోర్టల్‌లో పేరు ఎక్కించడం పెద్ద పనేం కాదు. ఎవరైనా ఆగిపోతే అంతకు ముందరి కాగితాల దగ్గరే ఆగిపోతారు.

కాబట్టి ముందు కాగితాలన్నీ ఒకచోట పెట్టి పేర్లు సరిచూడండి. ఒక్కరే యజమాని అయితే షాపుకు వేరే పాన్ ఉండదు, మీ సొంత పానే షాపు పాన్. జీఎస్టీ సర్టిఫికెట్‌లో లీగల్ నేమ్ దగ్గర మీ పేరు, ట్రేడ్ నేమ్ దగ్గర షాపు పేరు వస్తాయి. బ్యాంకులో కరెంట్ ఖాతా షాపు పేరు మీద ఉంటుంది. ఈ మూడింట్లో ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్కటే ఉండాలి. ఒకచోట ‘లక్ష్మి’, ఇంకోచోట ‘లక్ష్మీ’ అని అక్షరం తేడా వచ్చినా, పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరమే ఉన్నా ఇప్పుడే దిద్దించుకోండి. టెండర్ గడువు దగ్గర పడ్డాక దిద్దించుకునే టైం దొరకదు.

తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పనిసరి. దాటకపోయినా టెండర్లలో మామూలుగా జీఎస్టీ నంబర్ అడుగుతారు కాబట్టి తీసుకోవడమే మంచిది. మీరు అమ్మే సరుకు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో ఆ రకం సరుకును గుర్తించే నంబర్) మీ జీఎస్టీ నమోదులో ఉందో లేదో చూసుకోండి.

తర్వాత ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు. 2020 జులై 1 నుంచి ఇది ఆధార్‌తో ఆన్‌లైన్‌లోనే జరుగుతోంది. పూర్తిగా ఉచితం. దీనికి వేలు అడిగే వెబ్‌సైట్లు సర్కారువి కావు, వాటికి పైసా కట్టొద్దు. ఒక తేడా మాత్రం తెలిసి ఉండాలి. సరుకు తయారు చేసేవాళ్లకు, సేవలందించేవాళ్లకు ఉద్యమ్‌తో వచ్చే మేళ్లన్నీ ఉంటాయి. కొని అమ్మే వ్యాపారులకు అది బ్యాంకు అప్పుల వరకే పనికొస్తుంది. సందేహముంటే జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. అది ఉన్నదే మన కోసం.

ఇక డిజిటల్ సంతకం, అంటే డీఎస్సీ. క్లాస్ 3 కావాలి, సంతకంతో పాటు ఎన్‌క్రిప్షన్ (బిడ్‌ను వేరేవాళ్లు చదవకుండా తాళం వేసేది) కూడా ఉన్నది అడగండి. ఆధార్, పాన్, వీడియో వెరిఫికేషన్ అయ్యాక యూఎస్‌బీ టోకెన్‌లో ఇస్తారు. ఈ టోకెన్, పాస్‌వర్డ్ రెండూ మీ దగ్గరే ఉండాలి. “ఇక్కడే పెట్టుండ్రి అన్నా, మేమే చూసుకుంటం” అని నెట్ సెంటర్‌వాళ్లు ఎంత మంచిగా చెప్పినా ఇచ్చి రావద్దు. అది సంతకం పెట్టిన ఖాళీ చెక్కుతో సమానం. దాంతో వేసిన ప్రతి బిడ్‌కూ, పెట్టిన ప్రతి కాగితానికీ జవాబుదారీ మీరే. దగ్గర కూర్చుని వాళ్లతో పని చేయించుకోండి, లేచేటప్పుడు టోకెన్ జేబులో వేసుకోండి.

ఇవన్నీ చేతికొచ్చాక టెండర్ డాట్ తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్‌లోకి వెళ్లి సప్లయర్‌గా నమోదు చేసుకోండి. షాపు వివరాలు, పాన్, జీఎస్టీ, బ్యాంకు ఖాతా నింపి, డీఎస్సీని ఖాతాకు జత చేయాలి. ఈమెయిల్, ఫోన్ నంబర్ మీవే ఇవ్వండి. రోడ్లు, కాలువల్లాంటి పనులకు కాంట్రాక్టర్ల క్లాస్ రిజిస్ట్రేషన్ వేరే ఉంటుంది, ఆ రెండింటినీ కలపొద్దు. కేంద్ర సర్కారు కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లోనూ అమ్మకందారుగా చేరండి. కేంద్ర శాఖలతో పాటు రాష్ట్ర శాఖలూ అక్కడ కొనొచ్చు.

నమోదు కాగానే బిడ్ వేసేయకండి. మీ సరుకుకు సంబంధించిన పాత, కొత్త టెండర్ పత్రాలు కొన్ని డౌన్‌లోడ్ చేసి అర్హత షరతులు చదవండి. ఎన్నేళ్ల అనుభవం, ఎంత టర్నోవర్, ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) ఎంత అన్నది అందులోనే ఉంటుంది. ఉద్యమ్ ఉన్నవాళ్లకు ఈఎండీ మినహాయింపు ఉందో లేదో కూడా ఆ షరతుల్లోనే చూడాలి, ఉంటుందిలే అనుకోవద్దు. టెక్నికల్ కవర్‌లో, అంటే అర్హత కాగితాలు పెట్టే భాగంలో, అడిగిన కాగితం ఒక్కటి లేకపోయినా మీ ధర కవర్ తెరవకుండానే పక్కన పెట్టొచ్చు. మధ్యలో కొరిజెండం (టెండర్‌లో మార్పుల నోటీసు) వచ్చిందేమో రోజూ చూడండి. ఆఖరి గంట దాకా ఆగకుండా ముందు రోజే అప్‌లోడ్ చేయండి.

ధర వేసేటప్పుడు రవాణా, జీఎస్టీతో పాటు బిల్లు ఆలస్యమయ్యే భారం కూడా లెక్కలోకి తీసుకోండి. కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే సర్కారు శాఖలు 2 శాతం జీఎస్టీ టీడీఎస్ (బిల్లులోంచి ముందే కోసే పన్ను) పట్టుకుంటాయి. జీఎస్టీ పోర్టల్‌లో మీరు ఒప్పుకుంటే ఆ సొమ్ము అక్కడి మీ క్యాష్ లెడ్జర్ ఖాతాలోకి వస్తుంది, పన్ను కట్టేందుకు వాడుకోవచ్చు.

సరుకు దింపిన రోజే డెలివరీ చలానా మీద తేదీ, సంతకం, ఆఫీసు ముద్ర వేయించుకోండి. ఉద్యమ్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులకు, సరుకు అంగీకరించిన 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 చిన్న పరిశ్రమల (ఎంఎస్‌ఎంఈడీ) చట్టం చెబుతోంది. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడిగే హక్కుంది. డబ్బు ఆలస్యమైందని ఫిర్యాదు పెట్టినప్పుడు మొదట చూపించాల్సింది ఆ ముద్ర ఉన్న చలానానే.