బ్రేక్ తొక్కితే స్టీరింగ్ అదురుతోందా? డిస్కులు కొనేముందు హబ్ చూడండి

శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వైపు హైవే మీద 90లో వెళ్తుంటారు. మడపాం టోల్‌గేటు కనబడగానే బ్రేక్ మీద కాలు పెడితే స్టీరింగ్ అదురుతుంది, పెడల్ పాదం కింద కొట్టుకుంటుంది. స్పీడు 40కి దిగేసరికి ఏమీ లేనట్టు మామూలైపోతుంది. షెడ్డుకి తీసుకెళ్తే ఎక్కువగా వినబడే మాట ఒకటే: "డిస్కులు వంగిపోనాయి బాబూ, మార్చేద్దాం." మార్చేస్తారు, బండి బాగుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక అదే అదురు మళ్లీ మొదలవుతుంది. అప్పుడు డిస్కు కంపెనీని తిట్టుకుంటారు.

బ్రేక్ తొక్కకపోయినా అదిరితే ఇది మీ సమస్య కాదు. టైర్లు చూపించుకుని బ్యాలెన్సింగ్ చేయించండి. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు అదిరితే వెనక చక్రాల బ్రేకులు చూడాలి. బ్రేక్ వేసినప్పుడే, స్టీరింగ్‌లోనే అదురు ఉంటేనే కింద రాసింది మీకు పనికొస్తుంది.

ముందు వీల్ నట్లు

ఎవరూ చూడనిది ఇదే. ఈమధ్య పంచరుకో, టైర్ల మార్పిడికో చక్రం విప్పారా? ఇంపాక్ట్ గన్‌తో టకటకా బిగించేశారా? ఒక నట్టు అతిగా, పక్కది తక్కువగా బిగిస్తే డిస్కు (చక్రంతో పాటు తిరిగే, బ్రేకు పట్టే గుండ్రటి పలక) హబ్ (డిస్కు, చక్రం రెండూ బిగించే నడిమి లోహపు భాగం) మీద సమానంగా కూర్చోదు. చిన్న కార్లకు మాన్యువల్‌లో ఉండే నట్టు బిగింపు (టార్క్) సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్లు. మీ బండి అంకె మాన్యువల్‌లో చూసుకోండి. నట్లన్నీ వదులు చేయించి, చేత్తో పట్టించి, ఎదురెదురు నట్ల వరసలో టార్క్ రెంచ్‌తో (పెట్టిన బిగింపు అందగానే 'టిక్' అనే పానాతో) బిగించమనండి. గన్‌తో బిగించేశాక రెంచ్ పెట్టి 'టిక్' అనిపించడం తనిఖీ కాదు. అప్పటికే ఎక్కువ బిగిసిన నట్టుకి కూడా రెంచ్ టిక్ అంటుంది. నట్ల మరలకు నూనె, గ్రీజు రాయనివ్వకండి. రాస్తే అదే అంకె దగ్గర నట్టు అసలు కన్నా ఎక్కువ బిగుస్తుంది.

అసలు దొంగ: హబ్ మీద తుప్పు

డిస్కు వెనక భాగం హబ్ ముఖానికి లోహం లోహానికి ఆని కూర్చోవాలి. మనది సముద్రం పక్క జిల్లా. భావనపాడు, కళింగపట్నం, ఇటు భోగాపురం వైపు తిరిగే బళ్లకు ఉప్పుగాలి, వానాకాలం నీళ్లు కలిసి హబ్ మీద పొర పొరలుగా తుప్పు కట్టిస్తాయి. పాత డిస్కు తీసి హబ్ ముఖం చూడండి. నడుమ మెరుస్తూనే ఉంటుంది. స్టడ్ల (నట్లు ఎక్కే మరల బోల్టుల) మొదళ్ల చుట్టూ మాత్రం గోరు తగిలేంత ఎర్రటి చెక్కు ఉంటుంది. వైర్ బ్రష్‌తో పైపైన రుద్దితే అది రాదు. దాని మీదే కొత్త డిస్కు పెడితే ఒక పక్క ఎత్తుగా కూర్చుంటుంది. చాలా కార్లకు డిస్కు ఊగుకి (తిరిగేటప్పుడు అంచు అటూ ఇటూ కదలడానికి) ఒప్పుకునే హద్దు 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్యే. అంటే తల వెంట్రుక మందం. హబ్ దగ్గర ఉన్న చిన్న తేడా డిస్కు అంచుకి వచ్చేసరికి ఇంకా పెరుగుతుంది.

మొదట్లో అదురేమీ తెలియదు, అందుకే అందరూ మోసపోతారు. బ్రేక్ వేయకపోయినా ఆ ఊగే అంచు ప్రతి చుట్టుకీ ప్యాడ్‌కి (డిస్కుని నొక్కి ఆపే ముక్కకి) తగులుతూ అక్కడక్కడా అరుగుతుంది. కొన్నాళ్లకు డిస్కు ఒకచోట పల్చగా, ఒకచోట మందంగా తయారవుతుంది. పెడల్ కొట్టుకునేది దీనివల్లే. డిస్కు నిజంగా వంగిపోవడం అరుదు. లేత్ షాపులో చెక్కించి మళ్లీ అదే తుప్పు మీద బిగిస్తే కథ మొదటికొస్తుంది. పైగా డిస్కు ఇంకా పల్చబడిపోతుంది.

కంపెనీ మాన్యువల్‌లో ఈ పని గురించి ఉండేది నాలుగు ముక్కలే. హబ్ ముఖం శుభ్రం చెయ్యి, ఊగు కొలువు, ప్యాడ్లు చూడు, టార్క్ ప్రకారం బిగించు. మొదటి రెండూ చేసే షెడ్లు తక్కువ. స్టడ్ల మొదళ్ల తుప్పుని సన్నటి పనిముట్టుతో గోకి, తర్వాత ఎమరీ పేపర్‌తో రుద్ది, గుడ్డతో తుడవాలి. రుద్దాక వేలితో తడిమి చూడండి, ఎక్కడా గుచ్చుకోకూడదు. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెని బ్రేక్ క్లీనర్‌తో కడగాలి. డిస్కుని నట్లతో హబ్‌కి పట్టించి డయల్ గేజ్ (ఊగు కొలిచే ముల్లు మీటరు) పెట్టి ఒక చుట్టు తిప్పాలి. ఊగు ఎక్కువుంటే డిస్కు తీసి ఒక స్టడ్ జరిపి పెట్టి మళ్లీ కొలవాలి. చాలాసార్లు దీంతోనే హద్దులోకి వస్తుంది. గేజ్ లేని షెడ్డు అయితే కనీసం హబ్ రుద్దడమైనా మీ కళ్లముందు చేయించండి. ఇదంతా పెద్ద పని కాదు. కొత్త డిస్కుల జత ఖర్చు ముందు అసలు లెక్కలోకే రాదు.

ఇప్పటికే డిస్కు మందంలో తేడా వచ్చేసి ఉంటే హబ్ రుద్దినంత మాత్రాన అదురు పోదు. డిస్కు మీద 'మినిమమ్' మందం ముద్రించి ఉంటుంది. దానికి దగ్గర పడితే రెండు పక్కలా డిస్కులు, ప్యాడ్లు కలిపి మార్చండి. కాలిపర్ (ప్యాడ్లను పట్టి డిస్కు మీద నొక్కే భాగం) విప్పినప్పుడు బ్రేక్ పైపుకి వేలాడదీయనివ్వకండి, తీగతో పైకి కట్టించండి. జారే పిన్నులకు బ్రేక్ గ్రీజే వాడాలి. మామూలు గ్రీజుతో రబ్బరు ఉబ్బుతుంది.

బేరింగ్ అరగడం, కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు పోవడం వంటివి కూడా ఉంటాయి గానీ, అవి బ్రేక్ వేసినప్పుడు మాత్రమే కనబడటం అరుదు. సడన్ బ్రేక్ వేస్తే పెడల్ గరగరమంటే అది ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), జబ్బు కాదు. సాలూరు ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులో దిగండి. బ్రేకులు బాగా వేడెక్కి ఉన్నప్పుడు వాటి మీద నీళ్లు కొట్టకండి.

కొత్త డిస్కులు వేశాక మొదట్లో సడన్ బ్రేకులు వేయకుండా మెత్తగా తొక్కుతూ నడపండి. సుమారు 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూపించుకోండి.