పాలియో బ్రేకులు దారికొచ్చాయి
పాత ఫియట్ పాలియో 1.6 కారుని రేసు ట్రాక్ కోసం విజయవాడ ఆటోనగర్‌లో ఊడదీయించాను. వెనక సీటు, ఏసీ తేలిగ్గానే వచ్చేశాయి. కార్పెట్ కింద చప్పుడు తగ్గించడానికి అంటించే తారు షీట్లే మొండికేశాయి. హీట్‌గన్‌తో వెచ్చబెట్టి గీకితే, డ్రైవర్ కాళ్ల దగ్గర రేకు వేలితో పొడిస్తే చిల్లుపడేంత తుప్పు! కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. బరువు తగ్గించడం కన్నా నాకు అదే ముఖ్యం.

ఇక బ్రేకులు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద కాసేపటికే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోయేది. ప్యాడ్లు బాగానే ఉన్నాయి, తేడా అంతా పాత బ్రేక్ ఫ్లూయిడ్‌లోనే. తాజా డాట్ 4 రకం ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకుంటే 155 దగ్గరే మరగొచ్చు. అప్పుడు పుట్టే ఆవిరి బుడగలు నొక్కుకుపోతాయి, ఒత్తిడి క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కి అదిమే భాగం) దాకా పోదు. రబ్బరు హోసులు మార్చి, కొత్త ఫ్లూయిడ్ పోసి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు గొట్టాల్లోని గాలి తీయించాం. ఇప్పుడు పెడల్ చివరి ల్యాప్‌లోనూ గట్టిగానే ఉంటోంది.