అదనంగా కట్టినా హోమ్ లోన్ తరగడం లేదా? సమస్య - పరిష్కారం

మా ఆఫీసులోనూ, హైదరాబాద్ నిజాంపేటలోని మా అపార్ట్‌మెంట్‌లోనూ ఎవరి హోమ్ లోన్ స్టేట్‌మెంట్ అయినా చివరికి నా ముందుకే వస్తుంది. అందరి బాధా దాదాపు ఒక్కటే: "బోనస్ వచ్చినప్పుడల్లా లోన్‌లోనే పోస్తున్నాం అన్నా, అయినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది." నేను అడిగేదీ ఒక్కటే: "ఇంకా ఎన్ని నెలలున్నాయి?" ఈఎంఐ ఎంతో టక్కున చెప్తారు. మిగిలిన అసలు సుమారుగా చెప్తారు. నెలల దగ్గరికి వచ్చేసరికి అందరూ ఫోన్ వైపు చూస్తారు.

కాబట్టి ఇది చదివే ముందు బ్యాంకు యాప్ తెరిచి మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: మిగిలిన అసలు, ఇవాళ్టి వడ్డీ రేటు, మిగిలిన వాయిదాలు. 2023 ఆగస్టులో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇప్పటిదాకా తీరిన అసలు, వడ్డీ రేటు, మిగిలిన వాయిదాలు ఉన్న స్టేట్‌మెంట్ మూడు నెలలకోసారి బ్యాంకే ఇవ్వాలి. మెయిల్‌లో ప్రమోషన్ల కింద పడి ఉంటుంది, వెతకండి. ఈ మూడూ చూడకుండానే బ్యాంకును తిట్టేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది.

లక్షణం: రెండేళ్లుగా కడుతున్నా అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు

ఇల్లు ఇంకా కడుతూనే ఉన్నారా? తెల్లాపూర్, కొల్లూరు, నార్సింగి వైపు టవర్లలో బుక్ చేసినవాళ్లకు ఇది మామూలే. మీరు కడుతున్నది ఈఎంఐ కాదు, ప్రీ-ఈఎంఐ. స్లాబ్ పడినకొద్దీ బ్యాంకు బిల్డర్‌కు ఇచ్చిన మొత్తం మీద వడ్డీ మాత్రమే అది. అందులో అసలు ఉండదు, తగ్గే ప్రశ్నే లేదు. వీలైతే పూర్తి ఈఎంఐ ఇప్పుడే మొదలుపెట్టమని అడగండి. చేతిలో డబ్బుంటే బిల్డర్ నుంచి తర్వాత వచ్చే డిమాండ్ నోటీసుకు మీరే కొంత కట్టి, లోన్ నుంచి తక్కువ విడుదల చేయించుకోండి.

లక్షణం: నెలనెలా పదివేలు అదనంగా పంపుతున్నా అసలు మామూలు వేగంతోనే తగ్గుతోంది

లోన్ ఖాతా నంబర్‌కు ట్రాన్స్‌ఫర్ కొట్టి ఊరుకున్నారు కదూ. కొన్ని బ్యాంకుల్లో అది ఆ రోజే అసలులోంచి తగ్గుతుంది. కొన్నింటిలో "అడ్వాన్స్ ఈఎంఐ" అనో "ఎక్సెస్" అనో పక్కన కూర్చుంటుంది, వడ్డీ మాత్రం పాత అసలు మీదే నడుస్తుంది. స్టేట్‌మెంట్‌లో ఆ తేదీ దగ్గర "పార్ట్ పేమెంట్" అని ఉందో లేదో చూడండి. లేకపోతే పేరుకున్న మొత్తాన్ని అసలుకు మళ్లించమని రాతపూర్వకంగా అడగండి. ఇకముందు యాప్‌లో పార్ట్ పేమెంట్ ఆప్షన్ నుంచే కట్టండి. ఫ్లోటింగ్ రేటు (మధ్యలో పెరిగే, తగ్గే వడ్డీ) మీద సొంతంగా తీసుకున్న ఇంటి లోన్‌ను ముందుగా కడితే జరిమానా వేయకూడదు. కౌంటర్‌లో ఎవరైనా "ఛార్జీలుంటాయి సార్" అంటే ఏ రేటు మీదో అడగండి.

లక్షణం: మిగిలిన నెలలు తగ్గకపోగా పెరిగాయి

రెపో రేటు అంటే ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటు, చాలా హోమ్ లోన్ల వడ్డీ దాన్నిబట్టే మారుతుంది. అది 2022 ఏప్రిల్‌లో 4% ఉండేది, 2023 ఫిబ్రవరికి 6.5% అయింది. ఆ ఏప్రిల్‌లో 7%కు 50 లక్షలు 20 ఏళ్లకు తీసుకున్నవారి ఈఎంఐ 38,765. రేటు 9.5% అయితే నెల వడ్డీయే దాదాపు 39 వేలు, అంటే ఈఎంఐ వడ్డీకే చాలదు. బ్యాంకులు చాలాచోట్ల ఈఎంఐ ముట్టుకోకుండా గడువు సాగదీశాయి. ఈఎంఐ మారలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో ఒక శాతం తగ్గింది. మీ రేటు తగ్గిందా? తగ్గకపోతే మీది 2019 అక్టోబరుకు ముందు తీసుకున్న ఎంసీఎల్ఆర్ లేదా బేస్ రేటు (బ్యాంకు తన సొంత లెక్కతో నిర్ణయించే పాత పద్ధతి రేట్లు) లోన్ అయ్యుండొచ్చు. కొంత ఫీజు కట్టి రెపో లింకు రేటుకు మారొచ్చు. కొత్తవాళ్లకు బ్యాంకు ఇస్తున్న రేటు మీ రేటుకన్నా బాగా తక్కువుంటే అదీ అడగండి, అడిగితేనే ఇస్తారు. రేటు తగ్గాక ఈఎంఐ మాత్రం తగ్గించుకోకండి. ఎందుకో కింద చెప్తాను.

లక్షణం: పెద్ద మొత్తం కట్టాం, మెసేజ్ కూడా వచ్చింది, కానీ ఇల్లు విడిపించే తేదీ మాత్రం అదే

నాకు చేయి కాలింది ఇక్కడే.

లోన్ తీసుకున్న మూడేళ్లకు చీటీ డబ్బు చేతికొచ్చింది, ఐదు లక్షలు. చెక్కు పట్టుకుని బ్రాంచికి వెళ్లాను. కౌంటర్‌లో ఆవిడ ఒక ఫారం ఇచ్చి, సంతకాలు పెట్టాల్సిన మూడు చోట్లా పెన్సిల్‌తో చిన్న ఇంటూ మార్కులు పెట్టింది. మూడు సంతకాలూ పెట్టేసి బయటపడ్డాను. సాయంత్రానికి మెసేజ్: మీ ఈఎంఐ ఇకనుంచి ఇంత అని, పాతదానికన్నా నాలుగున్నర వేలు తక్కువ. ఇంటికెళ్లి ఆ మెసేజ్ చూపించి, ఆ ఆదివారం అందరినీ బిర్యానీకి తీసుకెళ్లాను.

ఏడాది దాటాక ఆదాయపు పన్ను కోసం వడ్డీ సర్టిఫికెట్ తీసుకుంటూ, దాని వెనకే ఉన్న వాయిదాల పట్టిక చివరి పేజీ చూశాను. ఆఖరి వాయిదా తేదీ లోన్ ఇచ్చిన రోజు రాసిన తేదీయే. ఒక్క నెల కూడా జరగలేదు. బ్రాంచికి పరిగెత్తాను. "గడువు తగ్గలేదేంటి మేడమ్?" ఫైలు తీసి నా ఫారమే నాకు చూపించింది. మూడు సంతకాలకు పైన రెండు చిన్న గళ్లు: "ఈఎంఐ తగ్గింపు", "కాలం తగ్గింపు". రెండూ ఖాళీ. "మీరు ఏదీ టిక్ చేయలేదు కదండీ. ఖాళీగా ఉంటే ఈఎంఐ తగ్గిస్తాం. అందరికీ అదే ఇష్టం." ఆవిడ తప్పు లేదు. బిర్యానీ తిన్నది నేనే.

తేడా ఎంతో చూడండి. రేటు మారదనుకుని లెక్క: 50 లక్షలు, 8.5%, 20 ఏళ్లు, ఈఎంఐ 43,391. మూడేళ్లకు మిగిలే అసలు సుమారు 46.74 లక్షలు, వాయిదాలు 204. అప్పుడు 5 లక్షలు కట్టారు.

ఈఎంఐ 43,391గానే ఉంచితే 162 నెలల్లో లోన్ అయిపోతుంది. అంటే 42 వాయిదాలు ఎగిరిపోయాయి, మూడున్నరేళ్లు. వడ్డీలో మిగిలేది 13 లక్షల పైచిలుకు.

అదే ఈఎంఐ తగ్గిస్తే అది 38,750 అవుతుంది, వాయిదాలు 204 అలాగే ఉంటాయి. వడ్డీలో మిగిలేది నాలుగున్నర లక్షలు.

కట్టింది అదే ఐదు లక్షలు, అదే రోజు. గడి మీద ఒక టిక్కు తేడా. న్యాయంగా చెప్పాలంటే, తగ్గిన ఆ 4,641 రూపాయల్ని ప్రతినెలా తిరిగి లోన్‌లోనే కడితే రెండూ ఒకటే అవుతాయి. కానీ నెలకు నాలుగున్నర వేలు ఇంట్లో కనిపిస్తే అవి లోన్‌కు తిరిగి వెళ్లడం నేను ఇంతవరకు చూడలేదు. మా ఇంట్లోనూ వెళ్లలేదు. రేటు తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గించుకోవద్దన్నదీ ఇందుకే. ఉద్యోగం మీద అనుమానం ఉన్నవాళ్లు, జీతం తగ్గినవాళ్లు ఈఎంఐ తగ్గించుకోవడం సరైనదే. అది తెలిసి చేసే పని.

పరిష్కారం: కట్టేటప్పుడే తెల్లకాగితం మీద "ఈ మొత్తాన్ని అసలుకు జమ చేసి, ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించగలరు" అని రాసి, ఒక కాపీ మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోండి. యాప్‌లో అయితే ఆఖరి పేజీలో ఈ ఎంపిక అడుగుతుందో లేదో చూసి స్క్రీన్‌షాట్ తీయండి. వారం తర్వాత కొత్త వాయిదాల పట్టిక తెప్పించుకోండి. మొదటి పేజీ వదిలేయండి, ఆఖరి తేదీ చూడండి.

ఇప్పటికే పొరపాటు జరిగి ఉంటే పాత ఈఎంఐకి మార్చమని అర్జీ పెట్టండి. ఆటో డెబిట్ మాండేట్‌లో గరిష్ఠ పరిమితి సరిపోతే కొత్త సంతకాలు కూడా అక్కర్లేదు. నాకు రెండు వారాల్లో మార్చారు, పోయిన నెలల వడ్డీ పోయినట్టే. కదల్లేదంటే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా సరిగ్గా లేకపోతే, ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) ఉన్నారు, ఖర్చేమీ లేదు.

లక్షణం: ముందుగా కట్టాలని ఉంది, నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు

"మిగిలితే కడదాం" అనుకోవడమే కారణం. మిగలదు. జూన్‌లో స్కూలు ఫీజు, ఎల్ఐసీ ప్రీమియం, కారు ఇన్సూరెన్స్, సంక్రాంతికి ఊరు, శ్రావణంలో పెళ్లిళ్లు: ఇవేవీ అనుకోని ఖర్చులు కావు, ఏటా వస్తాయి. అన్నీ కలిపి పన్నెండుతో భాగించండి. 2,40,000 అయితే నెలకు 20 వేలు జీతం పడిన మూడో రోజే వేరే ఖాతాకు ఆటోమేటిక్‌గా వెళ్లాలి. ఆ తర్వాత మిగిలేదే అసలు జీతం. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు అది తీర్చండి. ఐదారు నెలల ఖర్చు పక్కన పెట్టండి. లోన్‌లో కట్టేసిన డబ్బు అవసరానికి వెనక్కి రాదు.

పెద్ద మొత్తమే అక్కర్లేదు. పై ఉదాహరణలోనే మొదటి నెల నుంచి 3,616 అదనంగా కడితే, అంటే ఏడాదికి ఒక ఈఎంఐ ఎక్కువ కడితే, లోన్ మూడేళ్లకు పైనే ముందు తీరుతుంది. ఇంకోమాట: లోన్ కట్టడానికని చీటీని బాగా కిందికి పాడి ఎత్తకండి. పాటలో పోగొట్టుకునేది లోన్ వడ్డీలో మిగిలేదాన్ని మింగేస్తుంది.

మిగతావి

పన్ను మినహాయింపు పోతుందన్న భయం: ఉంటున్న ఇంటికి పాత పన్ను విధానంలో వడ్డీ మీద మినహాయింపు పరిమితి ఏడాదికి 2 లక్షలు. పై లోన్ మొదటి ఏడాది వడ్డీ 4 లక్షల పైనే, కాబట్టి అప్పుడు కొంత ముందుగా కట్టినా ఆ మినహాయింపు తగ్గదు. కొత్త విధానంలో ఉంటే ఆ మినహాయింపే లేదు. లోన్‌లో కలిపేసిన ఇన్సూరెన్స్ ప్రీమియం, ఫిక్స్‌డ్ (మారని) రేటు లోన్‌ను ముందుగా కడితే వేసే జరిమానా: శాంక్షన్ లెటర్‌లో (లోన్ మంజూరు చేస్తూ బ్యాంకు ఇచ్చిన కాగితం) ఉంటాయి, ఒకసారి చూస్తే చాలు.

లక్షణం: లోన్ మొత్తం తీరింది, ఇల్లు మాత్రం ఇంకా తాకట్టులోనే కనిపిస్తోంది

క్లోజర్ లెటర్ తీసుకుని వచ్చేస్తే సరిపోదు. ఆటో డెబిట్ రద్దయిందో లేదో చూసుకోండి. ఒరిజినల్ దస్తావేజులు 30 రోజుల్లో ఇవ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు రూ. 5,000 చొప్పున మీకు కట్టాలి. కాగితాలన్నీ లోన్ ఇచ్చినప్పటి జాబితాతో ఒక్కొక్కటిగా సరిచూసి తీసుకోండి. లింకు డాక్యుమెంటు (ఇల్లు మీకు రాకముందు చేతులు మారిన పాత దస్తావేజు) ఒకటి తగ్గినా కౌంటర్ వదలకండి. లోన్‌కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎంఓడీ (దస్తావేజులు బ్యాంకుకు తాకట్టు పెట్టినట్టు రాసిన పత్రం) రిజిస్టర్ అయి ఉంటే బ్యాంకు మనిషిని వెంటబెట్టుకెళ్లి దాని రద్దు కూడా రిజిస్టర్ చేయించాలి. కొన్నాళ్లాగి ఈసీ (ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీయండి. తాకట్టు ఎంట్రీ కింద దాని రద్దు ఎంట్రీ కూడా కనిపించాలి. లేకపోతే రసీదు పట్టుకుని మళ్లీ అదే ఆఫీసుకు వెళ్లండి.