ఫైర్‌మన్ ఉద్యోగం: ఒకటి నుంచి ఏడు దాకా మీరు ఎక్కడ చదివారు?

హైదరాబాద్‌లో ఫైర్‌మన్ కావాలనుకునే పిల్లలు చాలామంది మొదట తప్పు గడప తొక్కుతారు. వేలకు వేలు పోసి ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమాలో చేరతారు. ఫ్యాక్టరీల్లో, బిల్డింగ్ కంపెనీల్లో, గల్ఫ్‌లో సేఫ్టీ పనులకు అది పనికొస్తుంది. మన అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్ పోస్టుకు మాత్రం ఆ డిప్లొమా అడగరు. ఇంటర్ పాసైతే చాలు. ఎస్సీ, ఎస్టీలకు పదో తరగతి పాసై, ఇంటర్ రెండేళ్లూ చదివి పరీక్షలు రాసి ఉంటే సరిపోతుంది. బండి నడిపే డ్రైవర్ ఆపరేటర్ పోస్టులు వేరు, వాటికి హెవీ లైసెన్స్ కావాలి.

భర్తీ చేసేది పోలీసు నియామక మండలి, కానిస్టేబుళ్లతో పాటే. 2022లో 610 ఫైర్‌మన్ పోస్టులు పడ్డాయి. ఆన్‌లైన్ దరఖాస్తు, ప్రిలిమ్స్, ఎత్తు, ఛాతీ కొలతలు, పరుగు, ఆఖరి రాతపరీక్ష. అప్పుడు మగవాళ్లకు పరుగు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లలో. ఇవన్నీ కోచింగ్ సెంటర్లలో నూరిపోస్తారు, నేను చెప్పక్కర్లేదు.

వాళ్లు ఒక్క ముక్కలో దాటేసేది బోనఫైడ్ సంగతి, అంటే మీరు ఏ బడిలో ఏ తరగతి చదివారో బడివాళ్లు రాసిచ్చే కాగితం.

2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 95 శాతం పోస్టులు లోకల్ వాళ్లవే. లోకల్ ఎవరో తేల్చేది ఆధార్ అడ్రసు కాదు, నాన్న సొంతూరు కాదు, ఓటరు కార్డు అసలే కాదు. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఏడేళ్లలో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారన్నదే లెక్క. మూడో తరగతి దాకా దేవరకొండలో, నాలుగు నుంచి ఏడు ముషీరాబాద్‌లో చదివిన అబ్బాయి హైదరాబాద్ లోకల్. పాత పద్ధతిలో నాలుగు నుంచి పది చూసేవారు. ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అదే చెబుతారు, పాపం వాళ్ల తప్పేం లేదు.

దరఖాస్తు మొదటి భాగంలో లోకల్ అని టిక్ పెట్టేస్తే గడిచిపోతుంది. ప్రిలిమ్స్ దాటాక రెండో భాగంలో సర్టిఫికెట్లు స్కాన్ చేసి పెట్టమంటారు. టెన్షన్ అప్పుడు మొదలవుతుంది. చదివిన ప్రతి బడి నుంచీ, ఏ తరగతి ఏ సంవత్సరమో రాసి, హెడ్మాస్టర్ సంతకం, ముద్ర వేసిన కాగితం కావాలి. పదో తరగతి మెమోలో ఉన్న పేరే అందులోనూ ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా తర్వాత తిరగాల్సింది మీరే.

బస్తీల్లో చిన్న ప్రైవేటు బడులు పెట్టినంత సులువుగా మూతపడతాయి. మీ బడి మూతపడి ఉంటే ఆ మండలం విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లి, రికార్డులు అక్కడికి చేరాయేమో అడగండి. హైదరాబాద్ జిల్లాలో డిప్యూటీ ఐఓఎస్ (డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్) ఆఫీసు అంటే చెబుతారు. వట్టి చేతులతో పోకుండా పాత ప్రోగ్రెస్ కార్డు, టీసీ జిరాక్స్ ఏది దొరికితే అది పట్టుకెళ్లండి. బడికే పోకుండా చదివినవాళ్లకు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం ఉంటుంది.

ఇక్కడే ఎవడో ఒక బ్రోకర్ తగులుతాడు. మా గల్లీ నెట్ సెంటర్ దగ్గర ఒక అబ్బాయి మూడు వేలిచ్చి తెచ్చుకున్న బోనఫైడ్ నాకు చూపించాడు. కాగితం చక్కగానే ఉంది, ముద్ర కూడా ఉంది. కానీ అందులో ఉన్న సంవత్సరానికి ఆ బడి ఇంకా పుట్టనే లేదు. పరిశీలనలో దొరికితే ఉద్యోగం పోవడంతో ఆగదు, కేసు కూడా అవుతుంది. అడ్మిషన్ రిజిస్టర్‌లో మీ పేరుంటే బ్రోకర్‌తో పనేముంది? లేకపోతే వాడు మాత్రం ఏం చేయగలడు?

సెలెక్ట్ అయ్యాక ఇచ్చే శిక్షణ ప్రభుత్వానిదే. 2022 నోటిఫికేషన్ బ్యాచ్ 2024లో వట్టినాగులపల్లి ఫైర్ శిక్షణ కేంద్రంలో పరేడ్ చేసి బయటికొచ్చింది. ట్రైనింగ్ సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే అది అబద్ధం.

నోటిఫికేషన్ వచ్చాక చూద్దాంలే అనుకునేవాళ్లకు ఒక్క మాట. 2022లో అది వచ్చింది ఏప్రిల్ 25న. ఎండాకాలం సెలవుల్లో బడికి వెళ్తే మీకు కనిపించేది వాచ్‌మన్ ఒక్కడే, రిజిస్టర్ ఉన్న బీరువా తాళం అతని దగ్గర ఉండదు.