మెట్రోనోమ్‌తో ఆదితాళ సాధన

కర్ణాటక సంగీతంలోని ఆదితాళపు ఒక ఆవర్తనంలో, అంటే తాళపు ఒక పూర్తి చుట్టులో, 8 అక్షరాలు (సమానమైన లెక్కలు) ఉంటాయి. మొదటి నాలుగు అక్షరాల భాగమైన లఘువుకు ఒక దెబ్బ వేసి, చిటికెనవేలితో మొదలుపెట్టి మూడు వేళ్లు లెక్కించాలి. ఆపైన రెండు ద్రుతాలలో (రెండేసి అక్షరాల భాగాలలో) ఒక్కొక్క దానికి ఒక దెబ్బ, ఒక విసర్జితం (అరచేతిని పైకి తిప్పడం) వేయాలి. ఫోనులోని మెట్రోనోమ్‌ను (సమాన వ్యవధిలో టిక్‌మనే సాధనాన్ని) నిమిషానికి 60 దెబ్బలకు అమర్చుకుంటే అక్షరానికి ఒక సెకను, ఆవర్తనానికి 8 సెకన్లు పడతాయి.

ముందు పాడకుండా, చేయి ఆ దెబ్బతో కలిసేవరకు తాళం మాత్రమే వేయండి. తర్వాత స్వరాలను వరుసగా పైకి, కిందికి పాడే తొలి పాఠమైన మొదటి సరళీ వరుసను అందుకోండి. దానిలోని 16 స్వరాలు మొదటి కాలంలో (పాడే వేగంలో) అక్షరానికి ఒకటి చొప్పున 16 సెకన్లలోను, రెండవ కాలంలో రెండు చొప్పున 8 సెకన్లలోను, మూడవ కాలంలో నాలుగు చొప్పున 4 సెకన్లలోను పూర్తవుతాయి కనుక, మూడవ కాలంలో వరుసను రెండుసార్లు పాడితేనే ఆవర్తనం నిండుతుంది. కాలం మారినా చేతి వేగం మారకూడదు. తడబాటు ఎక్కువగా ఇక్కడే వస్తుంది కాబట్టి, ఈ మార్పు దగ్గర ఎంతసేపు సాధన చేసినా అది వృథా కాదు.

అసలైన పరీక్ష మెట్రోనోమ్‌ను ఆపిన తర్వాతే. స్టాప్‌వాచ్ నొక్కి, దానివైపు చూడకుండా 8 ఆవర్తనాలు పాడండి. 64 సెకన్ల కంటే బాగా ముందే ముగిస్తే పరుగెత్తుతున్నారని, ఆలస్యమైతే సాగదీస్తున్నారని అర్థం. రెండు మూడు సెకన్ల తేడాకు దిగులు పడనవసరం లేదు. పరుగెత్తే అలవాటున్నవారు వేగాన్ని 50కి తగ్గించి సాధన చేయడం మంచిది.